ఆరు చేతుల కచేరీ

ఆదివారం పొద్దున్న పది గంటలకు తన ఇంటి ముందుగదిలో ఒకే పియానో దగ్గర ముగ్గురు కూర్చుని వాయించాలి, కాలనీ జనం ఓ పదిమంది వచ్చి వినాలి, వాళ్ళలో ఒక్కరికైనా కళ్ళు చెమర్చాలి. నాచారంలో కాపురముంటున్న రిటైర్డు రైల్వే సిగ్నల్ ఇంజనీరు రామ్మోహనరావు వేసుకున్న పథకం ఇంతే. ఇందులో ఎవరికీ కీడు చేసే సంగతి ఒక్కటీ లేదు. అయినా మధ్యాహ్నం అయ్యేలోపు ఆ వీధి వీధంతా గుండెలు బాదుకుంది.

కళ్ళు చెమర్చాలన్న షరతు అతనిది కాదు, భార్య శ్యామలాదేవిది. సికింద్రాబాదులో పాత క్లబ్బు ఒకటి మూతపడుతుంటే అక్కడి పియానోను అతను ముచ్చటపడి ఇంటికి తెచ్చుకున్నాడు. అది గుమ్మంలో పట్టక తలుపు చట్రం ఊడదీయవలసి వచ్చింది. శ్యామలాదేవి చట్రం ఊడదీసినందుకు క్షమించింది. సోఫా మేడమీదికి పోయినందుకూ క్షమించింది. క్షమించలేకపోయింది ఆ పాటనే. ఏడాదిగా పొద్దున్నా సాయంత్రం ఆ ఒక్క పాటే, అదీ మూడో వంతు. ఎందుకంటే అది ముగ్గురు కలిసి వాయించవలసిన పాట, మిగతా ఇద్దరూ వారానికి ఒకసారే వస్తారు. తక్కిన రోజుల్లో మధ్య భాగం ఒక్కటే ఆమె చెవిన పడేది. కూర లేకుండా రోజూ పోపు ఒక్కటే వడ్డించినట్టుండేది ఆమె ప్రాణానికి.

ఇంతలో ఘట్‌కేసర్ అవతల ఒక కాలేజీ వాళ్ళకు ఆడిటోరియంలోకి పియానో కావాలని ఎవరో చెప్పారు. శ్యామలాదేవి ఆ పూటే ఫోన్ చేసి మాట ఇచ్చేసింది. ఆదివారం భోజనాల వేళకు వ్యాను వస్తుందని భర్తకు చెప్పింది.

“ఒక్కసారి నలుగురికీ వినిపించనీ శ్యామలా. తరవాత నీ ఇష్టం,” అన్నాడు రామ్మోహనరావు.

“వినేవాళ్ళెవరండీ? అసోసియేషన్ సెక్రటరీ పృథ్వీ చప్పుడు చప్పుడని ఇప్పటికే గొడవ చేస్తున్నాడు. సరే, నేనేమీ రాక్షసిని కాను. మీ పాట విని ఈ కాలనీలో ఒక్క మనిషి, ఒక్కరంటే ఒక్కరు కంటతడి పెట్టారా, వ్యాను ఖాళీగా పంపించేస్తాను. రోజూ నా చేత్తోనే దాన్ని తుడుస్తాను. లేదంటే మాత్రం మారు మాట్లాడకుండా ఎక్కించెయ్యాలి.”

రామ్మోహనరావు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడే గానీ ఆ పూట అన్నం సహించలేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అతను రైళ్ళను ఆపాడు, పంపాడు. ఏ రైలూ అతనికోసం ఆగింది కాదు. అరవై దాటాక మొదటిసారి తన వేళ్ళ కిందనుంచి ఒక అందమైన ధ్వని పలికింది. ఆ పియానో గుమ్మం దాటితే తను మళ్ళీ పేపరు చదువుకునే ముసలాడైపోతాడని అతనికి బెంగ. ఈ మాట భార్యతో అనడానికి సిగ్గుపడి, పప్పులో ఉప్పెక్కువైందని అన్నాడు.

ఆ పాట సంగతి కూడా చెప్పాలి. ఐరోపాలో నూటయాభై ఏళ్ళ కిందట ఇళ్ళల్లో పియానో ఒక్కటే ఉండేది, వాయించాలన్న సరదా మాత్రం ఇంటిల్లిపాదికీ ఉండేది. అందుకని అక్కడి స్వరకర్తలు ఇద్దరూ ముగ్గురూ ఒకే పియానో దగ్గర సర్దుకుని వాయించుకునే పాటలు కట్టారు. ఈ పాట అలాంటిది. చాలా నెమ్మదిగా సాగుతుంది, బరువుగా ఉంటుంది, ఎవరినో తలుచుకుని తలుచుకుని ఆగిపోతున్నట్టుంటుంది. పియానోకు కుడివైపు సన్నగా పలికే మెట్లు ఉప్పల్‌లో స్కూలు పిల్లలకు సంగీతం చెప్పే సాయిప్రియవి. ఎడమవైపు లావుగా పలికే మెట్లు రామ్మోహనరావు పాత కొలీగు, భారీ మనిషి, గిరిప్రసాద్‌వి. ఇద్దరి నడుమ మిగిలిన చోటు రామ్మోహనరావుది. మధ్యలో కూర్చునేవాళ్ళకు మోచేతులు ఉండకూడదు సార్ అని సాయిప్రియ మొదటి రోజే చెప్పింది.

వారమంతా మార్నింగ్ వాక్‌లో కనబడినవాళ్ళందరినీ అతను పిలిచాడు. అందరూ “తప్పకుండా సార్” అన్నారు. మూల తిరిగేసరికి అందరూ మరచిపోయారు. ఈ సంగతి కూడా చెప్పి ఉంచుతున్నాను.

ఆదివారం తెల్లవారుతూనే శ్యామలాదేవి కాప్రాలో ఉన్న చెల్లెలు ఆమని ఇంటికి బయలుదేరింది.

“నువ్వు ఉండవూ?” అన్నాడు రామ్మోహనరావు, గొంతు కాస్త చిన్నది చేసి.

“నా చెవులకి ఒక్క పూట సెలవివ్వండి. ఎవరు ఏడ్చారో తరవాత చెప్పండి, చాలు.”

ఆమెకు మోకాలి నొప్పి. అంచేత అతను ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించి, నడుం పట్టి ఆటో ఎక్కించాడు. ఎక్కించాక ఆ ఆటో మలుపు తిరిగేదాకా దిగాలుగా చూస్తూ నిలబడ్డాడు. ఎదురింటి వాకిట్లో ముగ్గు వేస్తున్న సూర్యకళ ముగ్గుపిండి చేతిలో అలాగే పట్టుకుని ఇదంతా చూసింది.

ఏడున్నరకు గిరిప్రసాద్, సాయిప్రియ వచ్చారు. ముగ్గురికీ పియానో స్టూలు చాలదు కాబట్టి డైనింగ్ టేబుల్ తాలూకు పొడుగు బెంచీ తెచ్చి వేశారు. దాని మీద గిరిప్రసాద్ కూర్చోగానే ఒక సంగతి తేటతెల్లమైంది. పియానో, బెంచీ, గిరిప్రసాద్ ఉన్న గదిలో ఇంకో కుర్చీ పట్టదు.

“జనాన్ని ఎక్కడ కూర్చోబెడతావోయ్?” అన్నాడు గిరిప్రసాద్.

రామ్మోహనరావు కిటికీలోంచి వీధిలోకి చూశాడు. కిటికీ తెరిస్తే పాట వీధంతా వినబడుతుంది. ఎండ ఉంది కాబట్టి నీడ కావాలి. వెంటనే టెంట్ హౌస్ దామోదర్‌కు ఫోన్ చేశాడు.

“దామోదర్ గారూ, మా ఇంటి ముందు టెంటు వెయ్యాలి. కుర్చీలు కూడా. ఇప్పుడే, గంటలో.”

“ఇప్పుడే అంటే... ఏమైంది సార్?”

“ఏమీ కాలేదండీ. జనం వస్తారు, కాసేపు కూర్చుంటారు. మైకు వద్దు, లైట్లు వద్దు, రంగు గుడ్డలు అసలే వద్దు. తెల్లది వేయండి. చప్పుడు కాకూడదు. మీ వాళ్ళని కూడా గట్టిగా మాట్లాడొద్దనండి.”

“అర్థమైంది సార్,” అన్నాడు దామోదర్ గొంతు తగ్గించి. “నేను జూస్కుంట. మీరు ధైర్యంగుండుండ్రి.”

కచేరీకి ముందు తన గుండె దడ టెంట్ హౌస్ మనిషికి కూడా తెలిసిపోయిందే అని రామ్మోహనరావు కదిలిపోయాడు. హైదరాబాదులో ఇన్నేళ్ళు కాపురం చేసినవాడు, పొద్దున్నే ఫోన్ చేసి వీధికి అడ్డంగా తెల్ల టెంటు, వట్టి కుర్చీలు వేయించుకునే ఇల్లు ఎవరో పోయిన ఇల్లని తెలియనివాడు కాడు. తెలుసు. కానీ ఆ పొద్దున్న అతని మెదడంతా పియానో మెట్ల మీద ఉంది.

ఎనిమిదిన్నరకు టెంటు లేచింది. పనివాళ్ళు గుసగుసగా మాట్లాడుకుంటూ గుంజలు పాతారు. కుర్చీలు ఈడ్వకుండా ఎత్తి పెట్టారు. ఎదురింటి బాల్కనీలోంచి సూర్యకళ ఆ టెంటును చూసింది, తెల్లారగట్ల చూసిన ఆటోను తలుచుకుంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“అయ్యో, శ్యామలక్క!” అంది. తర్వాత ఫోన్ తీసి వరసగా నలుగురికి చేసింది. “పొద్దుగాలనే సార్ చెయ్యి వట్టుకోని ఆటోల ఎక్కిచ్చిండు. దవాఖానకే తీస్కపోయిండ్రు. గింతల్నే టెంటు వడ్డది. నిన్న నాతోని మంచిగ మాట్లాడింది, కర్వేపాకు గూడ ఇచ్చింది.”

ఆ నలుగురూ తలా నలుగురికి చేశారు. శ్యామలాదేవికి మాత్రం ఎవరూ ఫోన్ చేయలేదు. పోయిన మనిషికి ఫోన్ చేసి నిజమేనా అని కనుక్కునేవాళ్ళు ఎవరుంటారు? ఆ ఇంటికి వెళ్ళి ఎవరు పోయారని అడిగేవాళ్ళు అంతకన్నా ఉండరు. అలాంటి ఇంట్లో మనం కూర్చుంటాం, చేతులు పట్టుకుంటాం, తలలు వంచుకుంటాం. అడగం. మర్యాద తెలిసిన కాలనీ కాబట్టే సంగతి అంతదూరం పోయింది.

తొమ్మిదిన్నరకల్లా కుర్చీలన్నీ నిండాయి. పెళ్ళికి పిలిస్తే సరిగ్గా విస్తళ్ళ వేళకు వచ్చే జనం అరగంట ముందే వచ్చారని రామ్మోహనరావు తబ్బిబ్బయ్యాడు. పైగా ఒక్కరూ పెదవి విప్పడం లేదు. గేటు దగ్గర నిలబడి నమస్కారం పెట్టబోతే మగవాళ్ళు అతని రెండు చేతులూ పట్టుకుని, కాసేపు నొక్కి, మాట రానట్టు తల తిప్పుకుని వెళ్ళి కూర్చున్నారు. పృథ్వీ అయితే అతన్ని కావలించుకున్నాడు.

“సార్, నేను లొల్లి పెట్టొద్దుండె. మాఫ్ జెయ్యిండ్రి,” అన్నాడు.

“అయ్యయ్యో, అదేం మాటండీ! ఈ పూట వచ్చారు, అది చాలు నాకు,” అన్నాడు రామ్మోహనరావు. లోపలికి వచ్చి, “గిరీ, కళకి ఎంత గౌరవం ఇస్తున్నారోయ్ మనవాళ్ళు! పాశ్చాత్య దేశాల్లో కూడా ఇంత నిశ్శబ్దంగా కూర్చోరు,” అన్నాడు.

“మస్తు మంది వచ్చిన్రు సార్, నాకు భయమైతున్నది,” అంది సాయిప్రియ.

ముగ్గురూ కిటికీకి వీపు పెట్టి కూర్చున్నారు. పియానో మొదలైంది.

లోపల ఏం జరుగుతున్నదో బయటివాళ్ళకు సరిగ్గా తెలియదు, బయట ఏం జరుగుతున్నదో లోపలివాళ్ళకు అసలే తెలియదు. మనకు రెండూ తెలిస్తే తప్పులేదు. టెంటు కిందనుంచి చూస్తే కిటికీలో మూడు వీపులు ఒకదానికొకటి అతుక్కుని కనిపిస్తున్నాయి. నడుమ బక్కపలచని వీపు ఇంటాయనది.

“సూడుండ్రి పాపం,” అంది సూర్యకళ పక్కావిడతో. “సార్ ఒక్కడు కూసోలేకపోతున్నడు. అటొకరు ఇటొకరు వట్టుకున్నరు.”

గిరిప్రసాద్‌కు చోటు చాలదు. తన వంతు లేనప్పుడల్లా కుడిచేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రామ్మోహనరావు భుజం మీద వేసేవాడు, వంతు రాగానే తీసేవాడు. బయటివాళ్ళకు అది ఓదార్పు. సాయిప్రియ తాళం తప్పకుండా తలను కిందికీ పైకీ ఊపుతోంది. ఎక్కిళ్ళు పెట్టి ఏడుస్తున్న ఆ పిల్ల మేనకోడలై ఉంటుందని ముందు వరసలో తీర్మానించారు. మధ్యలో ఒకసారి ముగ్గురి చేతులూ ఒకే చోటికి వచ్చి ఇరుక్కుంటే, వాళ్ళు ఒకరి చేతులొకరు పట్టుకుని కుమిలిపోతున్నారని కొందరు తట్టుకోలేక లేచి నిలబడ్డారు.

“ఇంట్ల గింత కష్టం వెట్టుకోని గీ పియానో కొట్టుడేంది?” అన్నాడు వెనక వరసలో ఒక పెద్దాయన, న్యాయంగానే.

“అక్కకు గా పాట అంటే పానం,” అంది సూర్యకళ. “యాడాది సంది దినాం గదే పాట వినొస్తుండె మా ఇంటిదాంక. ఆమె కోసమే వాయించెటోడు. ఇయ్యాల ఆఖరి సారి వినిపిస్తున్నడు.”

ఈ మాట చెవిన పడ్డవాళ్ళకు ఇక ఆగలేదు. పాట కూడా సరిగ్గా అప్పుడే బరువైన భాగంలోకి దిగింది. గిరిప్రసాద్ లావు మెట్ల మీద మెల్లగా గంటలు కొడుతున్నట్టు వాయిస్తుంటే, పైన సాయిప్రియ వేళ్ళు ఏదో అడిగి అడిగి ఆగిపోతున్నాయి. ఆడవాళ్ళు కొంగులు తీశారు, మగవాళ్ళు కళ్ళద్దాలు తీశారు. పృథ్వీ మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి, ముఖం చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

ఈ సమయంలో దామోదర్ ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. సార్ అడగలేదు. దుఃఖంలో ఉన్న మనిషికి అన్నీ ఎక్కడ గుర్తుంటాయి? పైగా ఎండ. అంచేత దామోదర్ తనంతట తానే శవాన్ని ఉంచే ఫ్రీజర్ పెట్టెను తెచ్చాడు. అద్దం మూత ఉన్న ఆ పొడుగాటి పెట్టెను నలుగురు మోసుకొచ్చి గేటు పక్కన దించేసరికి టెంటు మొత్తం ఘొల్లుమంది.

రామ్మోహనరావు వాయిస్తూనే తల కాస్త వెనక్కి తిప్పి కిటికీలోంచి చూశాడు. ఇటు అద్దాల పెట్టె కనిపించింది. ఈ దామోదర్ ఎంత మంచివాడో, అడక్కుండానే అతిథులకు కూల్‌డ్రింకులు తెప్పించాడని అనుకున్నాడు. అటు పృథ్వీ కనిపించాడు. ఆ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఒక్కరు ఏడిస్తే చాలన్నది శ్యామల. ఇక్కడ వీధి వీధే ఏడుస్తోంది. అతని కళ్ళలోనూ నీళ్ళు తిరిగి, మెట్లు మసకబారాయి. చివరి పేజీ అతను చూసి వాయించలేదు, ఆ సంతోషంలో వేళ్ళే వాయించుకుపోయాయి.

పాట ఆగింది. చప్పట్లు లేవు. వెక్కిళ్ళు తప్ప ఏమీ వినబడలేదు. ఇంతకంటే గొప్ప మెప్పు ఏ కళాకారుడికీ దక్కదని రామ్మోహనరావు లేచి, వరండాలోకి వచ్చి, నడుం వంచి అభివాదం చేశాడు. రెండు మాటలు మాట్లాడాలనిపించింది.

“మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలీటం లేదు,” అన్నాడు. “నా సంసార జీవితంలో ఇంత ఆనందమైన రోజు ఇంకోటి లేదు. ఏడాదిగా శ్యామల అడ్డం పడుతూనే ఉంది. ఇంక ఆ అడ్డు తొలిగిపోయింది!”

టెంటు కింద ఏడుపు టక్కున ఆగిపోయింది. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

“బాధ నెత్తికెక్కింది సార్‌కు,” అన్నాడు పెద్దాయన మెల్లగా. “ఎవరన్న జర నీళ్ళు తాగియ్యిండ్రి.”

“అందరూ టిఫిన్ చేసి వెళ్ళాలి. పెసరట్టు ఉప్మా చేయించాను. వేడివేడిగా ఉంది,” అన్నాడు రామ్మోహనరావు.

ఒక్కరూ కదల్లేదు. అలాంటి ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టనివాళ్ళకు పెసరట్టు పెడతానంటున్నాడు. పృథ్వీ లేచి వచ్చి అతని భుజం పట్టుకున్నాడు. “సార్, జర కూసోండ్రి. ఏడ్వాలంటే ఏడ్వుండ్రి. గట్ల లోపట దాసుకోవద్దు.”

“నేనెందుకండీ ఏడవడం? కూల్‌డ్రింకులు కూడా వచ్చాయి కదా,” అని రామ్మోహనరావు ఫ్రీజర్ పెట్టె దగ్గరికి నడిచి, ఆప్యాయంగా మూత ఎత్తాడు. లోపల సీసాలు లేవు. ఎందుకు లేవో అతను ఆలోచించేలోపు కుర్చీల వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

“ఏమండీ! దాని మీంచి చెయ్యి తీయండి ముందు!”

శ్యామలాదేవి టెంటు గుంజ పట్టుకుని నిలబడి ఉంది. జుట్టు రేగిపోయింది, కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

తర్వాత జరిగినది వరసగా చెప్పడం కష్టం. కుర్చీలు పడ్డాయి. పెద్దాయన దేవుణ్ణి పిలిచాడు. సూర్యకళ “అక్కా!” అని కేక పెట్టి, పారిపోవలసింది పోయి ఎదురు పరిగెత్తి, శ్యామలాదేవి చెంపలూ భుజాలూ చేతులూ తడిమి తడిమి చూసి, ఆమె మెడ మీద పడి అంతకుముందుకంటే గట్టిగా ఏడ్చింది.

“నువ్వు వోయినవనుకున్నమక్కా!”

“నేనెందుకు పోతానే? కాప్రా వెళ్ళాను!”

ఎవరికి తెలిసిన ముక్క వాళ్ళు చెప్పగా, పావుగంటకు సంగతంతా ఒక కొలిక్కి వచ్చింది. ఆటో చూసి తనే పొరబడ్డానని సూర్యకళ ఒప్పుకుంది. దామోదర్ మాత్రం ఒప్పుకోలేదు. “పొద్దుగాల ఫోన్ జేసి తెల్ల టెంటు అంటే నేనేమనుకోవాలె సార్? గట్లాంటి ఇంట్ల ఎవరన్న అడుగుతరా?” అన్నాడు. ఆ మాట న్యాయమేనని అందరూ అన్నారు. చచ్చిపోయిందని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుందని ఒకావిడ అంది. అత్తగారు పోయినప్పుడు పరామర్శకు వచ్చినప్పటి తర్వాత, అంతమంది శ్యామలాదేవిని అంత ప్రేమగా చూడటం మళ్ళీ అప్పుడే.

ఈ సందడిలో రామ్మోహనరావు వరండా మెట్టు మీద ఒక్కడే కూర్చుండిపోయాడు. కాసేపటికి తలెత్తి, “అయితే... పాట విని ఎవరూ ఏడవలేదా?” అన్నాడు.

పృథ్వీకి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. “సార్, మాకు పియానో గురించి ఏం తెల్వది. మేడం గురించే ఏడ్సినం. తప్పనుకోవద్దు.”

“తప్పేముందండీ. నిజమే కదా,” అన్నాడు రామ్మోహనరావు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. ఇంత పెద్దవాడు, ఇంతమంది ముందు కంటనీరు పెట్టుకుంటే బాగుండదని తల వంచుకున్నాడు. సాయిప్రియ కిటికీ దగ్గర నిలబడి గోళ్ళు కొరుక్కుంది. సరిగ్గా అప్పుడే ఘట్‌కేసర్ వ్యాను వీధి మొదట్లోకి వచ్చి, టెంటు అడ్డం ఉండటంతో హారన్ కొట్టింది.

రామ్మోహనరావు లేచాడు. “గుంజలు కాస్త పక్కకి తీయించండి దామోదర్ గారూ. పియానో ఎక్కించాలి. మాటంటే మాటే.”

“ఆగండి,” అంది శ్యామలాదేవి. “మిమ్మల్ని మాటిమ్మన్నది నేను. ఆ మాట తీరిందో లేదో నేను చెప్తాను.”

ఆమె ముందు వరసలో కుర్చీ లాక్కుని, మోకాలు సర్దుకుని కూర్చుంది. “ఆమని ఇంట్లో కాఫీ తాగుతుంటే మనసు నిలవలేదు. ఎవరూ రాకపోతే ఈయన ఖాళీ కుర్చీలకి వాయించుకుంటూ కూర్చుంటాడేమోనని ఆటో ఎక్కి వచ్చేశాను. మలుపు తిరగగానే మా ఇంటి ముందు తెల్ల టెంటు. జనం గుండెలు బాదుకుంటున్నారు. ఆ పెట్టె దింపుతున్నారు. నేను కాప్రాలో ఉన్నాను, ఇంట్లో ఉన్నది ఈయన. ఇంకెవరనుకుంటాను?”

ఆమె ఆ పెట్టె వైపు చూసి మొహం తిప్పుకుంది.

“ఆటో దిగలేకపోయాను. లోపల పియానో మోగుతోంది. ఇంకెవరో వాయిస్తున్నారు, ఆయన పాటతోనే ఆయన్ని సాగనంపుతున్నారు అనుకున్నాను. ఏడాదిగా తిట్టుకున్న పాట, మనసు పెట్టి వినడం అదే మొదలు. ఎంత బాగుందో, ఇంత బాగున్నదాన్ని నేను పంపించేస్తానన్నానే అని ఏడ్చాను. ఆటో అబ్బాయి దిగి నీళ్ళిచ్చాడు. అప్పుడు, ఆ మధ్యలో పైకి ఎక్కే చోట, మీరు తప్పు మెట్టు నొక్కారు.”

“నేనా? నేను తప్పు నొక్కలేదే!” అన్నాడు రామ్మోహనరావు.

గిరిప్రసాద్ ఇంటి కప్పు వైపు చూశాడు. సాయిప్రియ మాత్రం, “దినాం గాడనే తప్పుతరు సార్. చెప్తే ఫీలైతరని చెప్పలే,” అంది.

“రోజూ అక్కడే తప్పుతారు,” అంది శ్యామలాదేవి. “వంటింట్లో ఉండి ఏడాదిగా వింటున్నాను. పళ్ళు నూరుకునేదాన్ని. ఈ భూప్రపంచంలో అక్కడ అలా తప్పేవాడు ఇంకొకడు లేడు. అది వినబడ్డాక నాకు ఊపిరొచ్చింది. మా ఆయన బతికే ఉన్నాడనుకుని, ఇంకా ఎక్కువ ఏడ్చాను.” కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. “ఒక్కరు కంటతడి పెట్టాలన్నాను. పెట్టాను. వ్యాను వెనక్కి పంపించండి.”

రామ్మోహనరావు అందరూ చూస్తుండగానే వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళినాడు పురోహితుడు పట్టించిన తర్వాత, మోకాలి నొప్పి సాకు లేకుండా నలుగురిలో ఆ పని చేయడం అదే మొదటిసారి.

వ్యాను వెళ్ళిపోయింది. ఫ్రీజర్ పెట్టెను దామోదర్ గోడ వైపుకు తిప్పించాడు. పెసరట్ల దగ్గర మాత్రం కొంత చర్చ జరిగింది. ఎవరూ పోలేదు కాబట్టి తినవచ్చని పృథ్వీ, ఎవరూ పోకపోయినా ఏడ్చాం కాబట్టి స్నానం చేసే తినాలని సూర్యకళ. చివరికి సగం మంది స్నానాలకు వెళ్ళి, తలలు ఆరబెట్టుకుంటూ తిరిగి వచ్చారు. అందరి చేతుల్లోనూ ప్లేట్లు వచ్చాక శ్యామలాదేవి, “ఇంకోసారి వాయించండి. ఈసారి కూర్చుని వింటాను,” అంది.

ముగ్గురూ మళ్ళీ బెంచీ మీద ఇరుక్కున్నారు. ఈసారి జనానికి సంగతి తెలుసు, అది వట్టి పియానో. మొదటి పేజీలోనే ఒకరి ఫోన్ మోగింది. రెండో పేజీలో చట్నీ కావాలని ఎవరో అడిగారు. పెద్దాయన ముందుకు ఒరిగి గురక పెట్టాడు. పాట మధ్యలో కాస్త ఆగిన చోట, అయిపోయిందనుకుని పృథ్వీ గట్టిగా చప్పట్లు కొట్టాడు. పైకి ఎక్కే చోట రామ్మోహనరావు తప్పు మెట్టు నొక్కాడు. ఒక్క శ్యామలాదేవే కళ్ళు మూసుకుని హాయిగా నవ్వింది.

అంతా అయ్యాక రామ్మోహనరావు బయటికి వచ్చి, ఎలా ఉందని అడిగాడు.

“మంచిగనే ఉంది సార్,” అన్నాడు దామోదర్ కుర్చీలు సర్దుతూ. “కానీ మొదటిసారే బాగుండె.”

ఆ తర్వాత సాయిప్రియ ఆ ఒక్క తప్పును దిద్దుతానంటే శ్యామలాదేవి ససేమిరా ఒప్పుకోలేదు. చిక్కేమిటంటే, ఎక్కడ తప్పుతున్నాడో తెలిసినప్పటినుంచి అతని వేలు దానంతటదే సరైన మెట్టు మీద పడుతోంది. అందుకని రామ్మోహనరావు ఇప్పుడు పొద్దున్నా సాయంత్రం కూర్చుని, అక్కడ తప్పు వాయించడం సాధన చేస్తున్నాడు.